సారు చెప్పే పగటి కథలు

లీవు అడిగితే కథ చెప్పే మేనేజర్ దొరకడం పూర్వజన్మ సుకృతం! ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. గోదాం బయట కుర్చీ వేసుకుని, చల్లారిన చాయ్ పూర్తిగా తాగి, బాగా ఆలోచించి అంటున్నాను.

మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. మీ మేనేజర్ మీకేమిస్తాడు? లీవు అడిగితే లీవు ఇస్తాడు. అంతేనా? ఆ లీవు పెట్టుకుని మీరు ఊరికి పోతారు, పెళ్లి భోజనం చేస్తారు, తిరిగి వస్తారు. ఏం మిగిలింది? కడుపుబ్బరం తప్ప ఏమీ మిగల్లేదు! మా రాంచందర్ సార్ ఇచ్చే కథ అట్లా కాదు. జీవితాంతం మీతోనే ఉంటుంది. మరిచిపోదామన్నా పోదు.

నా పేరు యాకయ్య. జనగామలో ఒక పార్సిల్ కంపెనీ గోదాంలో ఏ పెట్టె ఏ వ్యాన్ ఎక్కాలో చెప్పడం నా ఉద్యోగం. వారానికోసారి ఇట్లా మీ ముందుకు వచ్చి నాలుగు మాటలు రాయడం నా జబ్బు. కంపెనీ పేరు మాత్రం రాయను. రాస్తే సార్ పిలిచి దానిమీద కూడా ఒక కథ చెబుతారు.

రాంచందర్ సార్ పుట్టుకతో కథకుడు కాదు. నిరుటి దాకా ఆయన కూడా అందరిలాంటి మేనేజరే. ఆలస్యంగా వస్తే తిట్టేవారు, పెట్టె పగిలితే తిట్టేవారు, ఏమీ కాకపోతే ఎందుకు కాలేదని తిట్టేవారు. మాకు హాయిగా ఉండేది. తిట్టు ఎంతసేపు ఉంటుంది? రైలు పట్టాలు దాటినంతసేపు! తర్వాత ఎవరి పని వారిది.

అప్పుడు కంపెనీ వాళ్లు ఆయన్ని హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్‌కు ట్రైనింగ్‌కు పంపారు. 'లీడర్‌కు కథే ఆయుధం' అనేది సబ్జెక్టు. మనిషి పోయేటప్పుడు మామూలుగానే పోయాడు. వచ్చేటప్పుడు చేతులు తిప్పుతూ వచ్చాడు. మాట మధ్యలో ఆగి, కళ్లు సగం మూసి, మన ముఖంలోకి చూడడం నేర్చుకుని వచ్చాడు. సార్‌కు షుగర్ డౌన్ అయిందనుకుని మా గోదాం ఊడ్చే లచ్చమ్మ బెల్లం ముక్క తెచ్చిచ్చింది.

"ఆర్డర్ వేస్తే చేతులు పనిచేస్తాయి. కథ చెబితే గుండె పనిచేస్తుంది!" అని సార్ ప్రకటించారు. ఆ రోజు నుంచి పొద్దున్నే వ్యాన్లు కదలకముందు గోదాంలో అందరం గుండ్రంగా నిలబడాలి. సార్ మధ్యలో నిలబడి కథ చెబుతారు. కథ అయ్యాక 'మీరేం నేర్చుకున్నారు?' అని ఒక్కొక్కరినీ అడుగుతారు. అందరూ ఏదో ఒకటి నేర్చుకుని తీరాలి. ఆ తర్వాత చప్పట్లు. ఆ తర్వాతే వ్యాన్ తాళాలు.

ఇందులో నాకొక పెద్ద పదవి దక్కింది. మన దగ్గర కథ చెప్పేవాడికి ఎదురుగా ఊఁ కొట్టేవాడు ఉండాలి కదా! ఎవరూ ఊఁ అనకపోతే కథ ముందుకు సాగదు. మొదటి రోజు అందరూ గమ్మున నిలబడ్డారు. సార్ గొంతు తడారిపోయింది. పాపమనిపించి నేను "ఊఁ" అన్నాను. సార్ ముఖం వెలిగిపోయింది. అంతే, నాకు ఆ డ్యూటీ పర్మినెంట్ అయిపోయింది. నేను జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంటే సార్ ఫోన్ చేసి స్పీకర్ పెట్టుకున్నారు. మంచం మీది నుంచే ఊఁ కొట్టాను!

కథలతో ఏం ఒరిగిందని అడిగే నాస్తికులు కొందరున్నారు. వాళ్ల కోసం కొన్ని నిదర్శనాలు మనవి చేస్తాను.

వానాకాలంలో మా గోదాం రేకులు కారాయి. పెట్టెలు తడుస్తున్నాయని చెప్పాం. సామాన్య మేనేజర్ అయితే రేకులు మార్పించి చేతులు దులుపుకునేవాడు. సార్ అట్లా చేస్తారా? "జపాన్‌లో ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన ఇంటికి పైకప్పే లేదు. అందుకే లోకంలో అందరికంటే ఎక్కువ నక్షత్రాలు చూశాడు!" అన్నారు. మా ఒళ్లు జల్లుమంది. అప్పటికే నడుం దాకా తడిసి ఉన్నామనుకోండి, అది వేరే విషయం.

ఆడవాళ్ల బాత్రూం తలుపుకు గొళ్లెం ఊడిపోయిందని లచ్చమ్మ చెప్పింది. సార్ కళ్లు సగం మూశారు. ఆఫ్రికాలో ఒక తెగ ఉందట. ఆ తెగలో ఏ ఇంటికీ తలుపే ఉండదట. ఎందుకుండదు? నమ్మకం!

"గా తెగల ఆడోళ్లు లేరా సారూ?" అని లచ్చమ్మ అడిగింది.

"చాలా లోతైన ప్రశ్న" అన్నారు సార్. ఆమెకు అందరి చేత చప్పట్లు కొట్టించారు. గొళ్లెం మాత్రం రాలేదు. ఇప్పుడు ఒకరు లోపలికి పోతే ఇంకొకరు తలుపు బయట నిలబడి కాపలా కాస్తున్నారు. టీం వర్క్ అంటే ఇది కాదా? ఒక్క గొళ్లెం బిగిస్తే ఈ ఐకమత్యం వచ్చేదా?

వ్యాన్ టైర్ గుండులాగా నున్నగా అయిందని డ్రైవర్లు అంటే, మళ్లీ ఆ జపాన్ ముసలాయనే వచ్చి చెప్పుల్లేకుండా కొండెక్కాడు. ఫ్యాన్ తిరగడం లేదంటే ఎడారిలో ధ్యానం చేశాడు. ఎన్ని పనులు చేశాడు పాపం ఆ ముసలాయన! ఆయనకు కూడా ఎవరూ లీవు ఇచ్చినట్టు లేదు.

ఇది జనగామ ముచ్చట. సార్ కింద మహబూబాబాద్, భూపాలపల్లి ఆఫీసులు కూడా ఉన్నాయి. కథలు అక్కడికి కూడా పోతాయి.

మహబూబాబాద్‌లో మా ఆఫీసు పక్కనే మిర్చి నిల్వ చేస్తారు. సీజన్‌లో గాలి అటు నుంచి తిరిగితే ఇటు మనిషి నిలవలేడు. సార్ అక్కడ మొదటి కథ చెప్పేసరికి స్టాఫ్ మొత్తం ముక్కులు చీదుతూ ఏడ్చింది. ఒకాయన ఆపుకోలేక బయటికి పరుగెత్తాడు. "నా సర్వీసులో ఇంత స్పందన చూడలేదు" అని సార్ వచ్చి మాకు చెప్పారు. నేను ఊఁ కొట్టాను.

భూపాలపల్లి సంగతి ఇంకా గొప్పది. అక్కడ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ చేసినప్పుడు మా ఆఫీసు కిటికీలు గడగడలాడతాయి. ఒకసారి సార్ సరిగ్గా "అప్పుడు ఆ కొండ కదిలింది!" అనే చోట బ్లాస్టింగ్ అయింది. కప్పు నుంచి సున్నం రాలింది. ఆ దెబ్బకు సార్ అక్కడి మీటింగ్‌ను గనివాళ్ల బ్లాస్టింగ్ టైముకు మార్చేశారు. ఇప్పుడు కథ కీలకమైన చోటికి రాగానే ఆగి, చెయ్యి పైకెత్తి, గని వైపు చెవిపెట్టి ఎదురుచూస్తారు. ఇంత శ్రద్ధగల నాయకుడు మీకున్నాడా?

ఇంతటి మహానుభావుడి దగ్గర ధన్‌సింగ్ అనే మా డ్రైవర్ ఒక చిన్న కోరిక కోరాడు. ఒక్కరోజు లీవు.

ధన్‌సింగ్‌ది ఘనపూర్ దగ్గర ఒక తండా. అదే, భూపాలపల్లి వైపు ఉన్న ఘనపూర్. ఉద్యోగం కోసం జనగామలో రూం తీసుకుని ఉంటాడు. పాలకుర్తి, దేవరుప్పుల రూటు అతనిది. మాట తక్కువ, పని ఎక్కువ. అతని చెల్లెలు శారదకు ఒక్కడే కొడుకు, చత్రు అని పిలుస్తారు. ఆ పిల్లవాడి పుట్టువెంట్రుకలు తీయాలి. వాళ్లింట్లో ఆనవాయితీ ఏమిటంటే, పిల్లవాణ్ని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వెయ్యాలి. మామ కత్తెర పడందే ఆ నెత్తిమీద ఎవరూ చెయ్యి పెట్టరు. మిగతాది తండా గుడి దగ్గర తీస్తారు. పైగా మూడో ఏడు నడుస్తుండగానే కానివ్వాలి. నాలుగో ఏడు పడితే తీయరాదు, ఐదో ఏడు దాకా ఆగాలి. ఐదో ఏడు దాకా ఆ జుట్టును మోసేది పిల్లవాడా, కొబ్బరినూనె కొనే శారదా? మీరే చెప్పండి.

దసరాకు ముందు ధన్‌సింగ్ లీవు అడిగాడు. అది పార్సిళ్ల సీజన్. సార్ కుర్చీ చూపించారు. జపాన్ ముసలాయనకు కూడా ఒక మేనల్లుడు ఉన్నాడని ఆ రోజే తెలిసింది! ఆ మేనల్లుడి పండుగకు పోకుండా ముసలాయన దీపస్తంభం దగ్గరే ఉండిపోయాడట. అందువల్ల ఓడలన్నీ ఒడ్డుకు చేరాయట.

ధన్‌సింగ్ అంతా విని బయటికొచ్చాడు.

"యాకన్నా, ఇంతకు లీవు ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?" అని నన్ను అడిగాడు.

"ఓడలు ఒడ్డుకు చేరినై తమ్మీ. అంటే ఇయ్యనట్టే" అన్నాను.

దీపావళికి అడిగాడు. ఇంకో కథ వచ్చింది. సంవత్సరం చివర అడిగాడు. ఆ కథ మరీ పొడుగు, ఒంటెలు కూడా ఉన్నాయి. ఈలోగా అక్కడ తండాలో చత్రు జుట్టు కూడా కథలతో పోటీపడి పెరిగింది. శారద ఫోన్‌లో వీడియోలు పంపేది, ధన్‌సింగ్ నాకు చూపించేవాడు. మొదట చెవులు కనిపించకుండా పోయాయి. తర్వాత కళ్లు పోయాయి. తర్వాత రబ్బరు బ్యాండ్లు వచ్చాయి. చివరికి రెండు జడలు, వాటికి రిబ్బన్లు! గాజులమ్మే ఆమె ఆ పిల్లవాణ్ని దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుని సైజు చూసిందట. ధన్‌సింగ్ ఈ సంగతి చెప్పి నవ్వాడు. నవ్వి, ఫోన్ జేబులో పెట్టుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇదంతా ఎందుకిట్లా అయిందో మా లచ్చమ్మ కనిపెట్టింది.

"కాక ఏమైతది మరి! పగటీలి కథ చెప్తే మేనమామ తోవ తప్పుతడు. మా అవ్వ మమ్ముల పగలు కథ అడగనియ్యకపోయేది. గీడ రోజూ తెల్లారంగనే కథలు పెట్టిన్రు. ఇగ గా పిలగాని మామ ఎట్ల పోతడు?"

చదువుకున్నవాణ్ని కాబట్టి నేను ఆ మాట ఖండించాను. లచ్చమ్మా, ఇది విజ్ఞాన యుగం, ప్రతి వ్యాన్‌లో జీపీఎస్ ఉంది, ఎవరూ తోవ తప్పే ప్రశ్నే లేదని వివరించాను. కావాలంటే నిరూపిస్తానని లెక్క కూడా చెప్పాను. సార్ కథ పొద్దున్నే మొదలవుతుంది. కథ, నేర్చుకున్నది, చప్పట్లు అన్నీ అయ్యేసరికి ఎండెక్కుతుంది. వ్యాన్ ఊళ్లోకి పోయేసరికి జనం తాళాలేసి పొలాలకు పోతారు. పెట్టెలు వెనక్కి వస్తాయి. అట్లా రోజూ మిగిలినవన్నీ కలిపి ఆదివారం ఇవ్వాలి. ఆదివారం కూడా ధన్‌సింగ్ పాలకుర్తి రోడ్డు మీదే ఉంటాడు. కాబట్టి ధన్‌సింగ్ ఎక్కడా తోవ తప్పలేదు! తండా తోవ ఎక్కనే లేదు, అంతే!

లచ్చమ్మ చీపురు పట్టుకుని నన్ను అదోరకంగా చూసింది. "నేను చెప్పింది గదే గదా యాకన్నా" అంది.

ఈ మూఢనమ్మకాల మధ్య సార్ ఒక గొప్ప పని చేశారు. ధన్‌సింగ్‌నే కథ చేసేశారు!

"ఆ జపాన్ వాడు మనకెందుకు? మన మధ్యనే ఒక హీరో ఉన్నాడు" అని ఒక పొద్దున మొదలుపెట్టారు. ఒక డ్రైవర్. ఒక చెల్లెలు. ఒక మేనల్లుడు. ఒక కత్తెర. కానీ ఒక కస్టమర్ ఎదురుచూస్తున్నాడు! ఆ డ్రైవర్ కత్తెరను కాదు, స్టీరింగ్‌ను పట్టుకున్నాడు! ధన్‌సింగ్ మా మధ్యనే నిలబడి, ఇదంతా ఇంకెవరికో జరిగినట్టు వింటున్నాడు.

లీవు దొరకని ఆ రోజు అతను నిజంగా తీసుకుపోయిన పార్సిల్‌లో ఉన్నది సెల్‌ఫోన్ వెనక వేసుకునే కవరు. జనగామలో చెప్పినప్పుడు అది బడిపిల్ల పుస్తకాలయింది. మహబూబాబాద్ పోయేసరికి మందుల పెట్టె అయింది. అక్కడ మళ్లీ అందరూ కళ్లు తుడుచుకున్నారు. భూపాలపల్లిలో ఏకంగా ఆపరేషన్ సామాను అయి, బ్లాస్టింగ్‌తో పాటు ఒక ప్రాణం నిలిచింది. అంతేకాదు, చెల్లెలు స్వయంగా ఫోన్ చేసి, "అన్నా, నువ్వు రాకు. మేం వేరేవాళ్లతో కత్తెర వేయించాం. నీ డ్యూటీయే మాకు పండుగ" అని గర్వంగా చెప్పిందట. ఈ ఫోన్ ఎప్పుడొచ్చిందో శారదకు తెలియదు, ధన్‌సింగ్‌కు తెలియదు.

గోడమీద ధన్‌సింగ్ ఫొటో పెట్టారు. కింద 'మన హీరో' అని రాశారు. ధన్‌సింగ్ దాన్ని కాసేపు చూశాడు.

"యాకన్నా, హీరోకైన లీవు ఉంటదా?"

"పోకుండ ఉన్నందుకే హీరోవైనవు తమ్మీ. పోతే ఫొటో తీసేస్తరు."

"తియ్యనియ్యే అన్నా" అన్నాడు.

ఇంతలో చత్రుకు మూడో ఏడు నిండే రోజులు దగ్గరపడ్డాయి. మంచిరోజు ఒక్కటే మిగిలింది. సరిగ్గా ఆ రోజే హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసర్ జనగామ వస్తున్నారని, అందరూ ఉండి తీరాలని సార్ చెప్పారు. ముఖ్యంగా హీరో ఉండాలి. హీరో లేకుండా కథ ఎట్లా చెబుతారు?

ఆ సాయంత్రం ధన్‌సింగ్ తన ఫోన్ నా చేతికిచ్చి, "మా యాడి మాట్లాడతదట" అన్నాడు. వాళ్లమ్మ పేరు బుచ్చి. నేను ఫోన్ చెవిన పెట్టుకోగానే మొదలుపెట్టింది.

"యాకయ్యవేనా కొడుకా? మీ ఆఫీసుల పగటీలి కథలు చెప్తున్రట, నిజమేనా?"

"నిజమే అవ్వా."

"ఎందుకు చెప్తున్రు? మీ తల్లులు మీకు చెప్పలేదా?"

"అవ్వా, అది లీడర్‌షిప్."

"గదేందో నాకెరుకలే. మా పిలగాని మామ తోవ తప్పిండు. మీ సారును జర ఆగుమను. గీ ఒక్క దినం ఆగుమను."

సార్‌కు చెప్పాను. "పెద్దామెది ఎంత మంచి ఫోక్ బిలీఫ్! రేపటి కథలో వాడుకుందాం" అన్నారు.

పెద్ద ఆఫీసర్ వచ్చారు. గోదాం మధ్యలో ఆయనకు కుర్చీ వేశాం. పూలగుచ్ఛం ఇచ్చాం. పైన రేకులు కారే చోట కుర్చీ పడకుండా చూశాం. అందరం గుండ్రంగా నిలబడ్డాం. ధన్‌సింగ్‌ను ముందు వరుసలో, తన ఫొటో కిందే నిలబెట్టారు. బయట వ్యాన్లు పెట్టెలు నింపుకుని ఎండలో ఉన్నాయి.

సార్ ఆ రోజు చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. డ్రైవర్, చెల్లెలు, కత్తెర అన్నీ వచ్చాయి. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. "ఆ చెల్లెలు ఏమందో తెలుసా? అన్నా, నువ్వు రాకు..." అని సార్ గొంతు వణికించేసరికి గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది.

ముందు బుచ్చి దిగింది. వెనక శారద. శారద చంకలో రెండు జడలతో, రిబ్బన్లతో, కొత్త చొక్కాతో చత్రు. చీకటితోనే బయలుదేరి, వరంగల్ మీదుగా అంతదూరం వచ్చారు. ఎవరినీ అడక్కుండా తిన్నగా లోపలికి నడిచారు. సార్ మాట ఆపలేదు. మంచి కథకుడు మధ్యలో ఆపడు కదా! "వేరేవాళ్లతో కత్తెర వేయించాం అన్నా..." అని కొనసాగించారు.

బుచ్చి కాసేపు నిలబడి విన్నది. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"గిది మావోళ్ల కథ గదా! గట్ల చెప్తున్నవేంది కొడుకా? మేమేడ కత్తెర పెట్టినం? నెత్తి సూడు పిలగానిది!"

గోదాం అంతా పిల్లవాడి నెత్తిని చూసింది. పెద్ద ఆఫీసర్ కూడా చూశారు. రెండు జడలూ అబద్ధం చెప్పేట్టు లేవు.

"మామ తోవ తప్పిండు గని, మేం తప్పలే గదా. అందుకే మేమే వచ్చినం" అంది బుచ్చి. "ధన్‌సింగూ, కూసో."

ధన్‌సింగ్ అటూ ఇటూ చూశాడు. కూర్చోవడానికి ఏముంది? ఒక పెట్టెను బోర్లించి కూర్చున్నాడు. లచ్చమ్మ ఉరికి ప్యాకింగ్ టేబుల్ మీది టేప్ కత్తిరించే కత్తెర తెచ్చి, కొంగుతో తుడిచి, పసుపు రాసి ఇచ్చింది. పసుపు ఎక్కడిదో నేనడగలేదు. శారద పిల్లవాణ్ని మామ ఒళ్లో కూర్చోబెట్టింది.

పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు.

కత్తెరకు భయపడి కాదు. కత్తెర ఇంకా పైకెత్తనే లేదు. మామను చూసి ఏడ్చాడు. ఎవరో కొత్త మనిషి పట్టుకున్నాడని గింజుకుని, తల్లి వైపు చేతులు చాచాడు. శారద తమ భాషలో ఏదో చెబుతూ, ఇతనే నీ మామ అన్నట్టు ధన్‌సింగ్ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించింది. పిల్లవాడు నమ్మలేదు. ఫోన్‌లో కనిపించే మామ అరచేతి అంతే ఉంటాడు. ఇంత పెద్దవాడు మామ ఎట్లా అవుతాడు?

ధన్‌సింగ్ ఒక్క జడ కొస కత్తిరించాడు. పక్కన ఎవరో ముక్కు చీదారు. జనగామలో మిర్చి వాసన లేదు.

శారద ఆ వెంట్రుకలను తమలపాకులో పెట్టుకుని, పిల్లవాణ్ని ఎత్తుకుంది. చీకటిపడేలోపు గుడి దగ్గర మిగతాది తీయించాలి. "నువ్వు రావా భియా?" అని అడిగింది. ధన్‌సింగ్ రాంచందర్ సార్ వైపు చూశాడు. సార్ పెద్ద ఆఫీసర్ వైపు చూశారు. పెద్ద ఆఫీసర్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"వాట్ ఎ స్టోరీ!" అన్నారాయన. "దీన్ని వీడియో తీసి అన్ని బ్రాంచిలకూ పంపండి!"

ట్రాలీ ఆటో వరంగల్ వైపు తిరిగింది. ధన్‌సింగ్ వ్యాన్ పాలకుర్తి వైపు తిరిగింది. అతని చొక్కా మీద రెండు మూడు వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. దులుపుకోలేదు.

అయినా నా వాదన ఏమిటో మరిచిపోలేదు. కథ చెప్పే మేనేజర్ ఒక వరం! ఎందుకంటే ఆ వారంలోనే సార్ మాకో కొత్త సౌకర్యం కల్పించారు. పాడైన తూకం మిషన్ జరిపి, ఆ మూలకు రంగు కాగితాలు కట్టి, 'ఫ్యామిలీ కార్నర్' అని బోర్డు పెట్టారు. ఇకనుంచి పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టడం, బారసాల అన్నీ స్టాఫ్ ఇక్కడే చేసుకోవచ్చు. లీవు అవసరమే లేదు! తద్దినం పెడితే కాకులు వస్తాయా అని ఒకరు అడిగారు. ప్యాకింగ్ షెడ్డు వెనక కావలసినన్ని ఉన్నాయని సార్ భరోసా ఇచ్చారు.

సోమవారం పొద్దున మళ్లీ గుండ్రంగా నిలబడ్డాం. సార్ కొత్త కథ ఎత్తుకున్నారు. "ఒక మేనమామ కోసం ఒక కుటుంబం అంతదూరం నడిచి వచ్చింది. ఎందుకు? ఎందుకంటే వాళ్లకు మన కంపెనీ కూడా ఒక గుడే!"

ఇక్కడ ఆగి, కళ్లు సగం మూసి, నా వైపు చూశారు.

నేను ఊఁ అనలేదు.

సార్ ఇంకోసారి చూశారు. గొంతు సవరించుకున్నారు. "ఒక గుడే!" అని మళ్లీ అన్నారు. లచ్చమ్మ చీపురు పట్టుకుని గోడవైపు చూస్తోంది. డ్రైవర్లు వ్యాన్ల వైపు చూస్తున్నారు. ధన్‌సింగ్ నేలవైపు చూస్తున్నాడు. గోదాం అంతా నిశ్శబ్దం. అంత నిశ్శబ్దంలో కథ నిలబడదు పాపం.

"ఏమైంది యాకయ్యా? నిద్రపోయావా?"

"లేదు సార్. నాకొక మేనకోడలున్నది."

సార్‌కు అర్థమైందో లేదో తెలియదు. కాసేపు ఆగి చూసి, వ్యాన్ తాళాలు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆ రోజు వ్యాన్లు ఎండెక్కకముందే కదిలాయి. మర్నాడు కూడా నేను ఊఁ అనలేదు. జనం ఇళ్లకు తాళాలేయకముందే పెట్టెలు ఇళ్లకు చేరాయి. వారం చివరికి గోదాంలో ఇవ్వాల్సిన పెట్టె ఒక్కటీ మిగల్లేదు. ఆదివారం ధన్‌సింగ్ ఎవరినీ ఏమీ అడగకుండా తండా బస్సెక్కాడు.

తిరిగొచ్చి నాతో చెప్పాడు. తండాలో దిగగానే గుండుతో ఒక పిలగాడు ఎదురుగా ఉరుకుతూ వచ్చి కాళ్లకు చుట్టుకున్నాడట.

"ఎవల పిలగానివిరా నువ్వు అని అడిగిన అన్నా. రెండు జడలు లేకుంటే నాకే ఆనవాలు దొరకలె" అన్నాడు. ఈసారి నవ్వి, చాలాసేపు మాట్లాడాడు.

కాబట్టి పాఠకులారా, కథ చెప్పే నాయకుడు వరమేనన్న నా మాటకు నేను కట్టుబడే ఉన్నాను! మీ ఆఫీసులో కూడా అటువంటి సార్ ఉంటే ఆపకండి, చెప్పనివ్వండి. కాకపోతే పగలు వద్దని చెప్పండి. పొద్దు గూకినాక చెప్పుకోమనండి, మనం ఇళ్లకు పోయాక.